దిద్దుకునే పుస్తకం: మదనపల్లె – పుంగనూరు – కుప్పం సీమ నేపథ్యంలో కడితం – ఒక పరిశీలన

ప్రస్తావన

తెలుగులో పుస్తకానికి సంబంధించిన మాటలు చాలావరకు చేతిపనిని సూచించేవే. ‘ఆకు’ చెట్టు నుంచి కోసి ఆరబెట్టినది. ‘గ్రంథం’ ముడివేసి కట్టినది. ‘పుట’ అంటే మడత. ‘సంపుటం’ అనే మాటలోనూ ఆ మడతే ఉంది. తాటాకులకైనా లెక్కల కవిలెలకైనా ‘కట్ట’ అన్న మాట వాడుకలో ఉన్నదే. కోయడం, మడవడం, ముడివేయడం, కట్టడం అనే పనుల నుంచి పుట్టిన ఈ పదజాలం, పుస్తకాన్ని ఒకప్పుడు చదివే వస్తువుగానే కాక చేసుకునే వస్తువుగా కూడా భావించారని తెలుపుతుంది.

తెలుగు పుస్తక చరిత్ర మాత్రం ఎక్కువగా మిగిలిన పుస్తకాల చరిత్రగా సాగింది. తాళపత్రం, కాగితపు ప్రతి, అచ్చు పుస్తకం అనే మూడు దశలుగా దానిని వివరించడం పరిపాటి. ఈ క్రమంలో ఒక పుస్తకానికి చోటు దక్కలేదు. అది అక్షరాలు నేర్చుకునే పిల్లవాడి చేతిలోని నల్లని గుడ్డ పుస్తకం. రాసి, తుడిచి, మళ్ళీ రాసుకోవడానికి చేసిన ఈ పుస్తకానికి ‘కడితం’ అని పేరు. మైసూరు సీమకూ రాయలసీమకూ మధ్యనున్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని కడితం తయారీని, బడిలో దాని స్థానాన్ని, ఆ మాట మూడు భాషల్లో పొందిన పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తుడిచివేయడానికి వీలుగా తయారైనందువల్లనే కడితం చరిత్రకు దూరమైందనీ, దానిని లెక్కలోకి తీసుకుంటే పుస్తకం అంటే ఏమిటన్న ప్రశ్నకు మరింత విస్తృతమైన సమాధానం దొరుకుతుందనీ ఇక్కడి ప్రతిపాదన.

సీమ స్వరూపం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం నేటి పటంలో దగ్గరగా కనిపించినా చాలాకాలం వేర్వేరు పాలనల్లో ఉన్నాయి. మదనపల్లె ప్రాంతం గుర్రంకొండ సీమలోనిది. ఆ సీమ హైదరాలీ, టిప్పు సుల్తానుల ఏలుబడిలో ఉండి, 1792లో నిజాముకూ, 1800లో ఈస్టిండియా కంపెనీకీ దక్కి, దత్తమండలాల్లో భాగంగా కడప జిల్లాలో చేరింది. పుంగనూరు పాలెగాండ్ల సంస్థానం. కుప్పం కంగుంది జమీందారీకి చెందినది. ఈ రెండు జమీందారీలూ కనుమల పైభాగాన ఉన్నా కంపెనీ కాలంలో ఉత్తర ఆర్కాటు జిల్లా కిందికి వచ్చాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మూడు ప్రాంతాలూ ఒక జిల్లాలో కలిశాయి.

పాలనలు వేరైనా భౌగోళికంగా ఇది ఒకే పీఠభూమి. పడమట కోలారు సీమ, దక్షిణాన తమిళ ప్రాంతం ఆనుకొని ఉన్నాయి. తెలుగు మాట్లాడే ఇళ్ళకు కన్నడ లెక్కలూ, తమిళ వ్యాపారమూ కొత్త కాదు. ఇటువంటి చోట రాత పరికరాలు భాషల సరిహద్దుల దగ్గర ఆగిపోవు. బళ్ళారి బడుల గురించి కంపెనీ అధికారి రాసిన వర్ణన, మైసూరు చరిత్రకారుడు ఇచ్చిన వివరణ ఒకే వస్తువును చూపుతున్నప్పుడు, ఆ రెండు సీమలతోనూ పాలనలోనో వ్యాపారంలోనో ముడిపడిన ఈ పీఠభూమిని ఆ వస్తువు సంచరించిన పరిధిలో ఉంచి చూడటం సమంజసం.

కడితం తయారీ

కడితం గురించి స్పష్టమైన వర్ణనల్లో ఒకటి మార్క్ విల్క్స్ మైసూరు చరిత్రలో ఉంది. దాని మొదటి సంపుటం 1810లో వెలువడింది. ఆయన వివరణ ప్రకారం కడితం ఒక పొడవైన నూలు గుడ్డ. వెడల్పు 8 నుంచి 12 అంగుళాలు, పొడవు 12 నుంచి 18 అడుగులు. దాని రెండు వైపులా జిగురులో కలిపిన బొగ్గుపొడి పూస్తారు. బాగా ఆరిన తరువాత గుడ్డను ఎక్కడా కోయకుండా సమానమైన మడతలుగా మడుస్తారు. రెండు చివరలా రంగులు, వార్నీషు వేసిన చెక్క పలకలను అతికించి అట్టలుగా చేస్తారు. బలపంతో రాస్తే నల్లని నేలపై తెల్లని అక్షరాలు పడతాయి. గుడ్డతో తుడిస్తే అవి పోతాయి.

ఈ కొలతలు పుస్తక స్వరూపాన్ని ఊహించడానికి పనికొస్తాయి. 12 అడుగుల గుడ్డను అడుగుకొక మడత చొప్పున మడిస్తే ఒక వైపు 12, రెండు వైపులా కలిపి 24 పుటలు వస్తాయి. కుట్టు లేదు, చిల్లు లేదు, తాడు లేదు. మడతే పుట, పుటల వరుసే పుస్తకం. ‘పుట’ అనే మాట వ్యుత్పత్తి అర్థం ఇక్కడ కంటికి కనబడుతుంది.

జర్మన్ పండితుడు బ్యూలర్ 1896 నాటి తన భారతీయ లిపిశాస్త్ర గ్రంథంలో గుడ్డపై రాతను ప్రస్తావిస్తూ కన్నడ వర్తకుల లెక్కల పుస్తకాలను ఉదాహరించాడు. గుడ్డకు చింతగింజల జిగురు పట్టించి, పైన బొగ్గుతో నలుపు చేసి, సుద్దతోనో బలపంతోనో రాసే పద్ధతి ఆయన కాలానికి ఇంకా నడుస్తున్నదే. చింతగింజలను వేయించి, పై పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడికించిన అంబలి గట్టి జిగురు. నేతపనిలోనూ బొమ్మల తయారీలోనూ అది తెలిసినదే. చింతచెట్టు, పత్తి, కట్టెబొగ్గు ఈ మెట్ట ప్రాంతాల్లో అందుబాటులో ఉన్నవే. అందువల్ల కడితానికి కావలసిన ముడిసరుకు కోసం సముద్రతీరానికో పట్నపు అంగడికో పోవలసిన అవసరం లేదు.

తాళపత్రం తయారీ దీనికి భిన్నం. లేత ఆకును ఎంచి కోయాలి, ఈనె తీయాలి, ఆరబెట్టాలి, ఉడికించాలి, మళ్ళీ ఆరబెట్టి నునుపు చేయాలి, కొలతకు కత్తిరించి చిల్లులు వేయాలి. ఆపైన గంటంతో అక్షరాన్ని గీసి, మసి పూసి తుడిస్తేనే అది కనబడుతుంది. ఇన్ని దశలు దాటి వచ్చిన ఆకు మీద తప్పు రాయడం నష్టమే. నేర్చుకునేవాడి తప్పులకు చోటిచ్చే వస్తువు కాదది. ఆ చోటు కడితంలో ఉంది.

బడిలో కడితం

కడితం వర్తకుల లెక్కలకే పరిమితమైనది కాదని చూపే ఆధారం బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో రాసిన నివేదిక. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్‌లో దేశీయ విద్యాస్థితిపై వివరాలు పంపమని కలెక్టర్లను కోరాడు. దానికి జవాబుగా వచ్చిన వాటిలో క్యాంప్‌బెల్ నివేదికకు ప్రత్యేకత ఉంది. 1816లో అచ్చయిన తెలుగు వ్యాకరణానికి కర్త అయిన ఆయన అంకెలతో ఆగక, బడి నడిచే తీరును దగ్గరగా గమనించాడు. అప్పటి బళ్ళారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క. సగటున ఒక్కో బడికి పన్నెండు పదముగ్గురు. వారిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే.

పిల్లవాడు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతాడు. తరువాత రాత పరికరాలు మారతాయి. తాటాకుపై గంటం, కాగితంపై కలం ఉన్నా, ఆ జిల్లాలో ఎక్కువగా వాడుకలో ఉన్నవి రెండు: ఒకటి నల్లని కొయ్య పలక, రెండవది కడితం. పలక అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉంటుంది. చిత్రిక పట్టి నునుపు చేసి, కాస్త అన్నం, బొగ్గుపొడి కలిపి పూస్తే రాతకు సిద్ధం. కడితం కోసం గుడ్డకు గంజి పెట్టి బిగువు తెప్పించి, పుస్తకంలా మడతలు పెట్టి, బొగ్గు, కొన్ని రకాల బంకలు కలిపిన పూత పూస్తారు. రెంటి మీదా బలపంతోనే రాత. తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ ఖాళీ.

విల్క్స్, క్యాంప్‌బెల్ వర్ణనల మధ్య ఒక తేడా గమనించదగింది. విల్క్స్ చెప్పిన కడితంలో పూత ముందు, మడత తరువాత. క్యాంప్‌బెల్ చెప్పిన బడి కడితంలో గంజి, మడత ముందు, నల్లపూత తరువాత. ఆరిన పూతను మడిచినప్పుడు మడత అంచుల్లో అది పెళుసుబారి రాలకుండా ఉండాలంటే జిగురు పాళ్ళు తెలిసిన చెయ్యి కావాలి. ముందే మడిచి పూస్తే ఆ నైపుణ్యం లేకపోయినా పని జరుగుతుంది. పూత అరిగినచోట మళ్ళీ పూసుకోవచ్చు. దీనిని బట్టి మొదటిది పనివారు లెక్కల కోసం చేసిన పద్ధతిగా, రెండవది ఇంట్లోనో బడిలోనో చేసుకోగల సులభ పద్ధతిగా భావించవచ్చు. బియ్యపు గంజి, పాతగుడ్డ, పొయ్యిలోని బొగ్గు, చెట్టుబంక ఏ ఇంట్లోనైనా సమకూడేవే. కొత్తగా నేర్చేవాడి పుస్తకం వంటింటి సరుకుతో తయారైందన్న మాట.

బడిలో చదివిన గ్రంథాల విషయంలో క్యాంప్‌బెల్‌కు తృప్తి లేదు. అవి పద్యాల్లో, వాడుకకు దూరమైన భాషలో ఉన్నాయనీ, పిల్లలు అర్థం తెలియకుండా వల్లెవేస్తున్నారనీ ఆయన విమర్శ. పై తరగతి పిల్లలు కింది తరగతి వారికి నేర్పే పద్ధతినీ, బడి ఖర్చు తక్కువగా ఉండటాన్నీ మాత్రం మెచ్చుకున్నాడు. ఆ పద్ధతి అప్పటికే ఇంగ్లండు చేరింది. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్, ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి, తన ఆశ్రమంలో ప్రవేశపెట్టి, 1797లో దానిపై పుస్తకం ప్రచురించాడు. ఇంగ్లండులో అది ‘మద్రాసు పద్ధతి’గా వ్యాపించింది. మన వీధిబడి ఇసుకకు ప్రపంచ విద్యాచరిత్రలో చోటు దొరికింది. అదే బడిలోని కడితానికి సొంత పుస్తక చరిత్రలోనే చోటు దొరకలేదు.

దిద్దడం: రాత, సవరణ

‘దిద్దు’ అనే తెలుగు క్రియకు రెండు అర్థాలు ఉన్నాయి. ఒరవడి మీద మళ్ళీమళ్ళీ రాయడం ఒకటి, తప్పును సరిచేయడం రెండవది. ‘ఓనమాలు దిద్దడం’లో మొదటి అర్థం, ‘తప్పులు దిద్దడం’లో రెండవ అర్థం. ఈ రెండూ ఒకే మాటలో కలిసి ఉండటం కడితం వంటి పరికరాల నేపథ్యంలో సహజంగా కనిపిస్తుంది. ఇసుకలో, పలకపై, కడితంలో రాసినదానిపై మళ్ళీ రాయడమే సవరణ. తప్పుకు వేరే గుర్తు ఉండదు. తుడిస్తే అది పోతుంది, సరైన అక్షరం ఆ చోటనే వస్తుంది.

తాటాకుపై గంటం రాతలో ఇది కుదరదు. గీసిన గీత ఆకులో నిలిచిపోతుంది. లేఖకుడు తప్పు అక్షరాన్ని కొట్టివేసి ముందుకు పోవలసిందే. అందుకే తాళపత్ర గ్రంథాల చివర లేఖకులు తప్పులకు క్షమాపణ కోరడం, వీపూ నడుమూ మెడా విరిగేలా రాసిన ఈ ప్రతిని శ్రద్ధగా కాపాడమని వేడుకోవడం ఒక సంప్రదాయమైంది. తాళపత్రం తప్పును భద్రపరుస్తుంది, కడితం మరిచిపోతుంది. పాఠ పరిష్కర్తలు లేఖక దోషాల ఆధారంగా ప్రతుల వంశవృక్షాలు నిర్మించగలుగుతున్నారంటే దానికి కారణం మొదటి గుణమే. ఆ లేఖకుడి చేతికి రాత పట్టుబడటానికి కారణం మాత్రం రెండవది. ఒక లేఖకుడి ప్రతి వెనుక అతడు తుడిచివేసిన వందల పుటలు ఉంటాయి. ప్రతిని అధ్యయనం చేసేటప్పుడు ఆ పుటలను లెక్కలోకి తీసుకోకపోతే, లేఖకుడి నైపుణ్యం ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న అడగకుండానే మిగిలిపోతుంది.

ఒక మాట, మూడు భాషలు

కడితం వస్తువుగా వాడుకలోంచి తొలగిపోయినా మాటగా మూడు భాషల్లో మూడు రకాలుగా మిగిలింది. కన్నడంలో ‘కడత’ నేటికీ సజీవం. ప్రభుత్వ కార్యాలయాల్లో ఫైలుకు కన్నడంలో వాడే మాట అదే. శృంగేరి మఠంలో భద్రంగా ఉన్న కడతాలు ఆ సంస్థాన చరిత్రకు ప్రధాన ఆధారాలుగా వెలుగులోకి వచ్చాయి. లెక్కల పుస్తకం, మఠపు దస్తావేజు, కార్యాలయపు ఫైలు అనే క్రమంలో అక్కడ అర్థం పాలనవైపు సాగింది.

తమిళంలో ‘కడిదం’ అంటే ఉత్తరం. రాసే వస్తువు పేరు రాసిన సందేశానికి మారడం భాషల్లో అరుదు కాదు. తెలుగులో ‘ఆకు’కు పర్యాయమైన ‘పత్రం’ దస్తావేజుగా, ‘పత్రిక’ వార్తాసాధనంగా మారిన తీరు ఇటువంటిదే. కన్నడ, తమిళ రూపాల సంబంధాన్ని ఈ దృష్టితో పరిశీలించడం ఉపయుక్తం.

తెలుగులో ‘కడితం’ నిఘంటువులకు పరిమితమైంది. బ్రౌన్ నిఘంటువులో అది నల్లపూత పూసిన, పలకలా వాడే గుడ్డ పుస్తకంగా కనిపిస్తుంది. అయితే తెలుగు మరొక మాటను కాపాడుకుంది: అది ‘బలపం’. మూలంలో బలపం అంటే మెత్తని రాయి. కడితం పోయి, కొయ్యపలక పోయి, మార్కాపురం రాతిపలక వచ్చాక కూడా పిల్లల చేతిలోని రాతపుల్ల బలపంగానే ఉండిపోయింది. ‘పలక’ కూడా కొయ్య నుంచి రాతికీ, రాతి నుంచి రేకుకూ మారి అదే పేరుతో నిలిచింది. కన్నడం పాలకుడి పుస్తకాన్ని గుర్తుంచుకుంటే, తమిళం సందేశాన్ని గుర్తుంచుకుంటే, తెలుగు పసివాడి చేతిలోని పనిముట్టును గుర్తుంచుకుంది. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో 1997లో ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనం లక్ష్యంగా ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఈ పద పరిణామం వంటి అంశాలకు అంతకంటే తగిన చోటు ఉండదు.

కనుమరుగుకు కారణాలు

కడితం కనుమరుగు కావడానికి మొదటి కారణం భౌతికమైనది. అచ్చు పుస్తకం, రాతిపలక బడిలోకి వచ్చాక చదివే పుస్తకం, రాసే పరికరం విడిపోయాయి. పందొమ్మిదో శతాబ్దిలో అచ్చయిన పుదూరి సీతారామశాస్త్రి బాలశిక్ష వంటి పుస్తకాలు పిల్లవాడికి తయారైన పాఠాన్ని చేతికిచ్చాయి. అంతకుముందు పిల్లవాడు గురువు చెప్పినదాన్ని తానే రాసుకొని చదివేవాడు. అతడి పాఠ్యపుస్తకం, రాతపుస్తకం ఒక్కటే. అచ్చు తెచ్చిన మేలు కాదనలేనిది. పాఠం స్థిరపడింది, అందరికీ ఒక్కటైంది, చౌకైంది. ఆ మేలుతోపాటు పుస్తకం చేసుకునే అలవాటు బడి బయటికి పోయింది.

రెండవ కారణం సేకరణల స్వభావం. కాలిన్ మెకంజీ సహాయకులు గ్రామ కరణాల కవిలెల నుంచి వివరాలు సేకరించి కైఫీయతులుగా కాగితాలకెక్కించారు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ పండితులను, లేఖకులను నియమించుకొని కావ్యాలను సంస్కరింపజేసి, కాగితపు ప్రతులు రాయించాడు. తెలుగు సాహిత్యం వీరికి రుణపడి ఉంది. వారి దృష్టి పూర్తయిన పాఠాలపైన. రోజూ తుడిచే పుస్తకంలో సేకరించడానికి పాఠమేదీ మిగలదు.

మూడవ కారణం నేటి నిర్వచనాలది. 2003లో ప్రారంభమైన జాతీయ రాతప్రతుల మిషన్ కనీసం 75 ఏళ్ళ నాటిదై, శాస్త్రీయ, చారిత్రక లేదా సౌందర్య విలువ గల చేతిరాత రచనను రాతప్రతిగా గుర్తిస్తుంది. రెవెన్యూ రికార్డుల వంటి వాటిని రాతప్రతుల నుంచి వేరుచేస్తుంది. లెక్కలు రాసిన కడితం రికార్డు కనుక దీని బయట, అక్షరాలు దిద్దిన కడితం రచన కాదు కనుక దీని బయట. గుడ్డ రాతకు ఆధారంగా ఉండవచ్చని అంగీకరించే నిర్వచనమే ఆ గుడ్డ పుస్తకానికి ముఖ్యమైన రెండు వినియోగాలనూ పక్కకు పెడుతున్నది.

ఏ చేతిరాత మిగులుతుందన్నదానికి మదనపల్లెలోనే ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. 1915లో అనిబిసెంటు స్థాపించిన కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న జేమ్స్ కజిన్స్ ఆహ్వానంపై 1919 ఫిబ్రవరిలో వచ్చిన రవీంద్రనాథ్ టాగూర్, ‘జనగణమన’కు ఆంగ్లానువాదాన్ని అక్కడే తన చేతితో రాశారు. ఆ కాగితం చరిత్ర ఆధారమైంది, ఊరికి గుర్తింపు తెచ్చింది. అది న్యాయమే. అదే ఊరి చుట్టుపక్కల వీధిబడుల్లో తరతరాల పిల్లలు దిద్దిన రాత ఒక్క పుటగా కూడా మిగలలేదు. మహాకవి చేతిరాతను భద్రపరచడం ఒక సంస్కృతికి ఎంత అవసరమో, చదువురాని చెయ్యి చదువుకున్న చెయ్యిగా మారిన క్రమాన్ని తెలుసుకోవడమూ అంతే అవసరం. రెండవది వస్తువుల ద్వారా కాక, తయారీ పద్ధతుల ద్వారా, మాటల ద్వారానే సాధ్యం.

ముగింపు

మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం పల్లెబడుల కోసం పాఠ్యపుస్తకం స్థానంలో విడి కార్డులను రూపొందించింది. పిల్లవాడు తన వేగంతో ఒక్కో కార్డునూ దాటుతూ పోయే ఈ పద్ధతి దేశంలోని పలు రాష్ట్రాలకు వెళ్ళింది. పుస్తకాన్ని విడదీసి అభ్యాసకుడి చేతికి అందేలా చేయడం ఈ సీమకు పూర్తిగా కొత్త కాదని కడితం చరిత్ర గుర్తుచేస్తుంది.

ఈ పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, తెలుగు పుస్తక చరిత్రలో తాళపత్రానికి పక్కనే, దానికి పూర్వరంగంగా, తుడుపుడు పుస్తకానికి ఒక దశను గుర్తించాలి. రెండు, తయారీ క్రమంలోని చిన్న తేడాలు, పూత ముందా మడత ముందా వంటివి, ఆ పుస్తకాన్ని ఎవరు, ఎవరికోసం చేశారో చెప్పగల ఆధారాలు. మూడు, ఒక వస్తువు నశించినచోట దాని చరిత్ర పొరుగు భాషల పదజాలంలో మిగిలి ఉండవచ్చు.

కడితాన్ని ఈనాడు మళ్ళీ చేయడం కష్టం కాదు. గజాల కొలదీ నూలు గుడ్డ, గంజి, చింతగింజల జిగురు, బొగ్గుపొడి, బలపం ఉంటే చాలు. రాతప్రతుల శాస్త్రం బోధించే తరగతుల్లో తాటాకు తయారీతోపాటు దీనిని కూడా విద్యార్థుల చేత చేయించవచ్చు. పూత ఎక్కడ పగులుతుందో, ఎన్నిసార్లు తుడిస్తే నలుపు అరుగుతుందో, ఒక పుటలో ఎన్ని పంక్తులు పడతాయో చేసి చూస్తేనే తెలుస్తుంది. విల్క్స్, క్యాంప్‌బెల్ వర్ణనలను పోల్చి నిర్ధారించడానికి కూడా అదే మార్గం. రాతప్రతిని చదవగలిగిన పరిశోధకుడికి, ఆ రాత నేర్పిన పుస్తకాన్ని చేయడం కూడా తెలిసి ఉండటం పాఠ పరిష్కరణకు మేలు చేస్తుంది.